గగననౌకలో సూరయ్య సర్వీసు

విజయవాడ, వన్ టౌన్
12 సెప్టెంబరు 1977

శ్రీమతి కొండలమ్మగారికి (నాకు స్వయానా అక్క), నత్తలదిబ్బ గ్రామం, దివి తాలూకా.

విషయం: బావగారిని గగననౌకలో చుక్కానిదారుగా నియమించుట గురించి.
సూచిక: తమరు శ్రావణమాసంలో పంపిన నోటికబురు.

బంధువుల మధ్య ఉత్తరాలకు ఒక పద్ధతి ఉండాలని, ఇరవై రెండేళ్లు కాలువల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన మీదట నేను నిశ్చయించుకున్నాను. విషయం, సూచిక, తేదీ లేని ఉత్తరం ఉత్తరం కాదు. అది కేవలం మనసులో మాట. మనసులో మాటను ఫైలులో పెట్టడానికి వీలుపడదు. పెట్టినా, కావలసినప్పుడు దొరకదు. కనుక ఇకమీదట మన మధ్య నడిచే ఉత్తరాలన్నీ పై నమూనాలో ఉండవలెనని కోరుతున్నాను. తమరు అక్కగారు గనుక తమకు మినహాయింపు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇక విషయం. వారపత్రికలో నేను రాస్తున్న ‘ఏడో మండలం’ ధారావాహిక తమకు తెలిసినదే. అందులో కెప్టెన్ ప్రతాపవర్మ గగననౌకలో నక్షత్రాల మధ్య తిరుగుతూ దుష్టులను శిక్షిస్తున్నాడు. అంత పెద్ద నౌకను నాయకుడొక్కడే నడపడం బాగుండదని సంపాదకుడుగారు అభిప్రాయపడినందున సహాయ పాత్రలు అవసరమయ్యాయి. పేర్లు కల్పించేందుకు వ్యవధి లేక చుట్టుపక్కల ఉన్నవే తీసుకున్నాను. ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే కాశిం నౌకలో యంత్రాల మిస్త్రీ అయ్యాడు. మన సూరయ్య బావగారు చుక్కానిదారు.

ఉద్యోగ షరతులు బావగారికి చదివి వినిపించగలరు. సహాయ పాత్రకు పూర్వకథ ఉండరాదు. భార్యను తలుచుకోవచ్చు గాని ఒక వాక్యానికి మించరాదు. ‘ఇప్పుడేం చేద్దాం కెప్టెన్?’ అని వారానికొకసారైనా అడగాలి; అడగకపోతే, తనకు తెలిసినది చెప్పుకునే అవకాశం నాయకుడికి రాదు. ఈ షరతులు సమ్మతమైతే జవాబు అక్కర్లేదు. సమ్మతం కాకపోయినా, అచ్చయిపోయింది.

ఇట్లు, తమ విధేయుడు,
బంగార్రాజు

---

నత్తలదిబ్బ
24-9-77

చిరంజీవి తమ్ముడు బంగార్రాజుకి అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం పై రెండు లైన్లు చూసి, ఎవరో మనల్ని కోర్టుకి లాగారని గుండె జారిపోయిందిరా. కింద దాకా చదివాక నవ్వొచ్చింది. నాకు విషయాలూ సూచికలూ రావు. శౌరమ్మ టీచరు అయిదు దాకా చెప్పింది, అంతవరకే వచ్చు. అందుకే ఊళ్లో నీ కథ చదివి వినిపించేది నేనే. మగాళ్లు ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటే పడవకి ఆనుకుని గట్టిగా చదువుతా.

మీ బావకి షరతులు చెప్పా. కోపం వచ్చింది. “చుక్కాని నా చేతిలో ఉంటే ఆ కుర్ర కెప్టెన్ని నేనెందుకు అడగాలి? ఆయనే నన్నడగాలి. అయినా ఆకాశంలో అలలుంటయ్యా ఉండవా, అది కనుక్కో ముందు. అలల్లేకపోతే నేనెందుకు, బండి తోలేవాణ్ణి పెట్టుకోమను” అన్నాడు. పైకి అట్లా అంటాడా, శుక్రవారం వస్తే పడవ ఒడ్డుకి లాగీ లాగకముందే “పుస్తకం వచ్చిందా కొండలూ?” అని కేకేస్తాడు.

మన కులపెద్ద వెంకటప్పయ్య పెద్దయ్య మాత్రం నవ్వలేదు. శ్రద్ధగా విని, “బంగార్రాజు ఆఫీసులో మనిషి. కాగితం చూడందే అక్షరం రాయడు. పైన ఓడ ఉన్న మాట నిజమే అయ్యుండిద్ది” అని తేల్చేశాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆకాశం వంక చూస్తున్నాడు.

నువ్వు ఒంటరిగా ఉంటున్నావు. ఒళ్లు జాగ్రత్త.
మీ అక్క కొండలమ్మ

---

విజయవాడ, వన్ టౌన్
24 అక్టోబరు 1977

విషయం: చుక్కానిదారు శ్రీ సూరయ్యగారి సేవల ముగింపు.
సూచిక: సంపాదకుడుగారి మౌఖిక ఆదేశం.

అక్కగారికి నమస్కారాలు.

పై విషయాన్ని తెలియజేయుటకు చింతిస్తున్నాను. గత వారం సంపాదకుడుగారు నన్ను పిలిపించి, “కథ మొదలై ఇన్ని వారాలైంది, ఒక్కడూ పోలేదేమిటండీ? పాఠకులు ఎప్పుడేడవాలి?” అని అడిగారు. నాయకుడు పోకూడదు, నాయిక పోతే పత్రిక పోతుంది. కనుక పక్కవాళ్లలో ఒకరిని చూడమన్నారు. మొదట కాశిం పేరు పరిశీలించాను. కాని అక్షరాలు కూర్చేది అతడే. “నా చావు నాతోనే కూర్పిస్తారా గురువుగారూ? చేతులు వణుకుతయ్. తప్పులు పడితే నన్నడగొద్దు” అని ముందుగానే హెచ్చరించాడు. అచ్చుతప్పుల దృష్ట్యా అతణ్ణి విడిచిపెట్టడమైనది. మిగిలింది బావగారు.

డిసెంబరు 2, శుక్రవారం సంచికలో గగనంలో హఠాత్తుగా తుపాను రేగి బావగారు మరణిస్తారు. అయిదు వారాల ముందే అధ్యాయం అప్పగించాలన్నది ప్రెస్సు నియమం గనుక అప్పగించేశాను. ప్రతాపవర్మ రెండు వాక్యాలు విలపిస్తాడు. మూడో వాక్యానికి గట్టిగా సిఫారసు చేశాను, స్థలం లేదన్నారు.

ఈ విషయంలో బావగారి ప్రవర్తన పట్ల ఎటువంటి ఫిర్యాదూ లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

విధేయుడు,
బంగార్రాజు

---

నత్తలదిబ్బ
7-11-77

తమ్ముడికి అక్క దీవెనలు.

నువ్వు మనిషివేనంటరా? ఊరంతా నన్ను “గగననౌక చుక్కానిదారు పెళ్లామా” అని పిలుస్తున్నారు. ఇంకో రెండు నెలలన్నా ఉంచకూడదా?

మీ బావ పడీ పడీ నవ్వాడు. “నేను పోవాలంటే నీ తమ్ముడి సంతకం కావాలా? సరే, పోతాలే. కానీ ఒక్క మాట రాయమను. తుపాను వచ్చేముందు చుక్కాని పట్టినోడికి తెలిసిద్ది. గాలి వాసన మారిద్ది. హఠాత్తుగా వచ్చిందని రాస్తే నలుగురిలో నా పరువు పోయిద్ది” అన్నాడు. ఆ హఠాత్తుగా అన్న మాట కొట్టేయిరా. అంతకంటే ఏం అడగను.

కార్తీకంలో చేప బాగా పడుతోంది. పదహారో తారీకున ఆరు పడవలు లోపలికి పోతున్నయ్. నాలుగైదు రోజుల్లో వస్తారు. వచ్చాక ఎండు సొరచేప పంపిస్తా, కాశిం గారికి కూడా ఇవ్వు. బతికిపోయాడుగా పాపం.

అక్క కొండలమ్మ

---

పోస్టుకార్డు
విజయవాడ, 25 నవంబరు 1977

నత్తలదిబ్బ కొండలమ్మ, సూరయ్య భార్య, ఏ శిబిరంలో ఉంటే ఆ శిబిరంలో అందజేయవలసిందిగా మనవి.

విషయం: తెలియదు.
సూచిక: లేదు.

అక్కా, ఉప్పెన తరువాత దివి వైపు దారి లేదు. మా ఆఫీసు నుంచి వెళ్లినవాళ్లు తిరిగివచ్చి, నత్తలదిబ్బ అనే ఊరు కనిపించలేదన్నారు. ఊరు కనిపించకపోవడం ఏమిటి, పటంలో ఉంది కదా అని వాళ్లతో వాదించాను. పటం తీసి చూపించాను. ఒక్క ముక్క రాయి.

బంగార్రాజు

---

బడి శిబిరం
29-11-77

తమ్ముడూ,

నేనున్నాను. తుమ్మచెట్టు పట్టుకుని ఉన్నాను. ముళ్లకి చేతులు చీరుకుపోయినయ్, అందుకే అక్షరాలు ఇట్లా ఉన్నయ్. అంతకు మించి ఆ రోజు గురించి రాయను, అడగొద్దు.

మీ బావ రాలేదు. పడవలు ఆరు పోతే రెండు ఎక్కడో నిజాంపట్నం వైపు కొట్టుకుపోయి తేలినయ్యంట. అందులో వాళ్లు బతికే ఉన్నారు. మిగతా నాలుగూ తెలియదు. రెండు తేలినయ్యంటే ఇంకోటి తేలకూడదనేం లేదుగా.

సముద్రంలోకి పోయినోడి శవం రాకపోతే మూడు అమావాస్యలు చూడాలనేది మా ఆచారం. మూడో అమావాస్య దాకా పెళ్లాం గాజులు తియ్యరు. పెద్దయ్య కూడా ఆ మాటే అన్నాడు. ఆయన ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడు.

నేనడిగేది ఒక్కటే. శుక్రవారం వచ్చే సంచిక ఆపు. నువ్వు కాగితం చూడందే రాయవని ఇక్కడందరూ నమ్ముతారు. ఆయన పోయాడని నీ చేత్తో రాసింది ఇక్కడికి వస్తే, ఇంక ఆయన కోసం ఎవరూ చూడరు. చూడటం కూడా తీసెయ్యొద్దురా.

ఈ ఉత్తరం నీళ్ల డ్రమ్ములు తెచ్చిన లారీ ఆయనకి ఇస్తున్నా.
అక్క

---

విజయవాడ, వన్ టౌన్
4 డిసెంబరు 1977

విషయం: సంచికల నిలుపుదల.
సూచిక: నీ ఉత్తరం, నిన్న మధ్యాహ్నం అందింది.

అక్కా,

నీ అక్షరాలు చూసి ఆఫీసులో లేచి నిలబడ్డానట, నాకు గుర్తులేదు.

సంచిక శుక్రవారమే బయటికి వెళ్లిపోయింది. నేనూ కాశిమూ బస్టాండుకు పరిగెత్తాం. రోడ్డు సరిగా లేనందువల్ల దివి వైపు వెళ్లే సంచికల కట్ట ఇంకా కదలలేదు. బస్టాండు గుమాస్తా ఇవ్వనన్నాడు, అధికారపత్రం అడిగాడు. ఇరవై రెండేళ్లుగా నేను అందరినీ అడుగుతున్నది అదే గనుక నేను పక్కకు తప్పుకున్నాను. కాశిం వెళ్లి కట్ట మీద కూర్చున్నాడు. “దీంట్లో మా సూరయ్యగారి చావుందయ్యా. నేనే కూర్చాను. వాళ్లావిడ ఇంకా ఒప్పుకోలేదు. నన్ను బస్సెక్కిస్తేనే ఇది ఎక్కిద్ది” అన్నాడు. గంట సేపు కూర్చున్నాక కట్ట మాకే ఇచ్చేశారు.

కనుక ఆ సంచిక ప్రతి ఒక్కటి కూడా అక్కడికి రాదు. దీనికి నేను హామీ.

బంగార్రాజు

---

బడి శిబిరం
14-12-77

తమ్ముడూ,

నీ హామీ అందింది. అంతకు ముందే సంచిక కూడా అందింది.

గుణదల నుంచి ఎలిజబెత్ అని నర్సమ్మ వచ్చింది. చాలా మంచి పిల్ల. శిబిరంలో ఆడాళ్లు ఊరికే గోడ వంక చూస్తూ కూర్చుంటున్నారని, కాలక్షేపానికి తన సంచీలో వారపత్రిక తెచ్చి గట్టిగా చదివింది. నేను నీళ్ల వరసలో ఉన్నా. వచ్చేసరికి మీ ప్రతాపవర్మ రెండో వాక్యం ఏడుస్తున్నాడు. ఆ పిల్లకి ఏం తెలుసు? నేను ఎవరో తెలిశాక కాళ్లు పట్టుకుంది.

పెద్దయ్య “అయిపోయింది. తమ్ముడు నోటితో చెప్పలేక అచ్చులో చెప్పాడు. ఇంక అమావాస్యలు లెక్కపెట్టడం దేనికి?” అన్నాడు. మూడు కాస్తా ఒకటైంది. శనివారం అమావాస్యకి కానిచ్చారు.

నా గాజులు ఉప్పెనలోనే పోయినయ్ కదా, తియ్యడానికి చేతులకేం లేవు. అవి తియ్యకపోతే తంతు పూర్తి కాదన్నారు. మన ఊరి దానమ్మ వెళ్లి, విజయవాడ నుంచి వచ్చిన పాత బట్టల మూటల్లో వెతికి నాలుగు ఎర్రగాజులు తెచ్చింది. చీరుకున్న చేతులకి అవి ఎక్కించారు. ఎక్కించి, పగలగొట్టారు. ఎవరి గాజులో ఏమో. ఆమె ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

హఠాత్తుగా అన్న మాట కూడా నువ్వు కొట్టేయలేదు.

కొండలమ్మ

---

విజయవాడ, వన్ టౌన్
20 డిసెంబరు 1977

విషయం: మరణవార్త చెల్లదని తెలియజేయుట.
జతపరచినది: శ్రీ వెంకటప్పయ్యగారికి మెమో, ముద్రతో సహా ఒకటి.

అక్కా,

క్షమించమని అడిగే నమూనా నా దగ్గర లేదు. చేతనైన పని చేస్తున్నాను. ‘డిసెంబరు 2 సంచికలో మరణించిన సూరయ్య గగననౌక సిబ్బందికి చెందినవాడు, అతని మరణం నత్తలదిబ్బ సూరయ్యగారికి ఏ విధంగానూ వర్తించదు’ అని పెద్దయ్యగారికి మెమో రాసి ఆఫీసు ముద్ర వేశాను. ఇది నా ఉద్యోగానికి ముప్పని తెలుసు.

అంతేకాదు. కథలో బావను తిరిగి రప్పిస్తున్నాను. జనవరి 27 సంచికలో అతడు వేరొక గ్రహపు ఒడ్డున సజీవంగా దొరుకుతాడు. సంపాదకుడుగారు ఒప్పుకోలేదు, ఒప్పుకునేవరకు ఆయన గుమ్మంలో కూర్చున్నాను. ఆ విద్య కాశిం దగ్గర నేర్చుకున్నాను.

బావ బతికే ఉన్నాడక్కా. నాకు నమ్మకముంది. తీరం పొడవునా దొరికినవాళ్ల జాబితాలు నకలు తీసే పని నాకు వేశారు. ప్రతి ఊరూ తిరుగుతాను. కనిపెడతాను.

బంగార్రాజు

---

బడి శిబిరం
8-1-78

తమ్ముడూ,

ముద్ర ఎందుకేశావురా? పెద్దయ్యకి చదువు రాదు. ముద్ర చూడగానే కళ్లకద్దుకుని, “ఇదిగో, సర్కారు కాగితం కూడా వచ్చేసింది. ఇంక అనుమానం లేదు” అన్నాడు. అందులో ఉన్నది అది కాదని నేను చదివి చెప్తే, “నీకు కావలసినట్టు చదువుకుంటావమ్మా, నీ బాధ నాకు తెలుసు” అని నా తల నిమిరాడు. ఎలిజబెత్ చదివి చెప్పాక బిత్తరపోయాడు. తీసిన గాజులు తిరిగి వేసే తంతు ఆయనకి తెలియదంట. ఆయన తాత కాలంలో కూడా లేదంట. ఆలోచించి చెప్తానన్నాడు. ఇప్పుడు నేను అటూ కాదు, ఇటూ కాదు. బొట్టు పెట్టుకుంటే ఒకళ్లు చూస్తారు, పెట్టుకోకపోతే ఇంకొకళ్లు చూస్తారు.

నీ మీద కోపం పోయిందనుకోకు. కానీ రేపు అమావాస్య, నేను ఇంకా చూస్తున్నా.

ఇంకో సంగతి. మీ బావ ఓడలోకి తిరిగొస్తాడని నువ్వు రాసింది చదువుతుంటే దానమ్మ విన్నది. కాసేపటికి వచ్చి, “అక్కా, మా పిల్లోడు ఏసుపాదాన్ని కూడా ఆ ఓడలో ఎక్కించమని మీ తమ్ముడికి రాస్తావా? పెద్ద పనేం వద్దులే. తాడు పట్టుకుంటాడు, అంతే” అని అడిగింది. తర్వాత పెద్దింట్లమ్మ వచ్చింది. వాళ్లాయన కొండలయ్యకి ఎడం చెవి వినపడదు, గట్టిగా చెప్పాలని రాయమంది. ఆఖరికి పెద్దయ్య కూడా వచ్చి, గొంతు సవరించుకుని, ఇద్దరు కొడుకుల పేర్లు చెప్పి వెళ్లిపోయాడు. మొత్తం పదకొండు మంది. పేర్లు వెనకవైపు రాశా. ఓడలో చోటుంటే చూడు.

అక్క

---

మచిలీపట్నం
30 జనవరి 1978

అక్కా,

ఈ నెల పన్నెండో తారీకున తీరంలో ఒక పల్లెకు జాబితా కోసం వెళ్లాను. ఉప్పెన తరువాత మూడో రోజున అక్కడివాళ్లు ఒడ్డుకు వచ్చిన నలుగురిని తామే పూడ్చారు. ఎవరో తెలియదని కాగితంలో రాసుకున్నారు. ఆనవాలుగా దొరికినవి ఒక గుడ్డలో దాచి ఉంచారు. అందులో వల అల్లే కొమ్ముసూది ఉంది. మొలతాటికి కట్టి ఉందట. దాని మీద కాల్చిన ఊచతో గీసిన ‘కొ’ ఉంది. ఆ అక్షరం నీ చేతిది.

వాళ్లను చాలా అడిగాను. వాళ్లు చెప్పిన గుర్తులన్నీ బావవే.

బతికే ఉన్నాడని నేను ముద్ర వేసి పంపిన నాటికి అతడిని పూడ్చి నెల రోజులు. ఈ సంగతి తెలిసి పద్దెనిమిది రోజులైంది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ‘విషయం’ అని రాసి ఆగిపోయాను. ఇవాళ ఆ మాట తీసేసి రాస్తున్నాను.

27 సంచికలో బావ బతికాడు. ఈసారి కాశిం అయిదు వారాల నియమం పక్కనపెట్టి ఆఖరి వారంలో కూర్చినందున పదకొండు మందీ నౌక ఎక్కారు. కొండలయ్యతో కెప్టెన్ గట్టిగానే మాట్లాడాడు. అది ఆపగలిగి కూడా ఆపలేదు. ఇప్పుడు దించెయ్యమంటే దించేస్తాను. నువ్వెలా చెబితే అలా.

బంగారు

---

బడి శిబిరం
10-2-78

బంగారూ,

పద్దెనిమిది రోజులు నువ్వొక్కడివే మోశావా? తిక్క నాయనా.

మంగళవారం మూడో అమావాస్య వెళ్లింది. నీ ఉత్తరం చదివి కూడా ఆ రోజు సాయంత్రం దాకా ఒడ్డున కూర్చున్నా. ఎందుకంటే చెప్పలేను. మూడు అన్నారు కాబట్టి మూడూ చూశా. తర్వాత నేనే లేచి స్నానం చేశా. ఎవరూ ఏం చెయ్యనక్కర్లేకపోయింది. పెద్దయ్య దూరంగా నిలబడి చూసి, తలపాగా తీసి పట్టుకున్నాడు. ఆ నలుగురినీ పూడ్చిన ఊరివాళ్లకి నా దణ్ణం చెప్పు. సూది పంపు.

ఓడలోంచి మీ బావని దించొద్దు. ఎవరినీ దించొద్దు. శుక్రవారం వస్తే దానమ్మా వాళ్లూ ముందే వచ్చి నా చుట్టూ కూర్చుంటున్నారు. వాళ్లకి నిజం తెలియదనుకోకు. తెలుసు. తెలిసే వింటున్నారు.

కానీ ఒకటి అడుగుతా. సెప్టెంబరు నుంచీ చదువుతున్నా, మీ బావ చేత ఒక్క పూటైనా అన్నం తినిపించావా? పాత పుస్తకాలు ఎలిజబెత్ తెప్పిస్తే అన్నీ తిరగేశా. కెప్టెన్ రెండుసార్లు పళ్లరసం తాగాడు. మిస్త్రీ కాశిం ఒకసారి టీ తాగాడు. మీ బావ ఒక్కసారి కూడా నోట్లో ఏం పెట్టుకోలేదు. ఆ పదకొండు మంది కూడా ఎక్కిన దగ్గర్నుంచీ పనే.

పదహారో తారీకున పోతూ పోతూ తొందరపెట్టాడు. చద్దన్నం మూటగట్టి పడవలో పెట్టా. అది తిన్నాడో లేదో నాకు తెలియదు. ఇంక తెలియదు కూడా.

అక్క

---

విజయవాడ, వన్ టౌన్
17 ఫిబ్రవరి 1978

ఉత్తర్వు

విషయం: గగననౌక సిబ్బంది భోజనం.
సూచిక: అక్కగారి ఉత్తరం, తేదీ 10-2-78.

పై సూచికలోని ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించడమైనది. రికార్డులు తిరగేయగా ఫిర్యాదు నిజమని తేలింది. ఇరవై పైచిలుకు అధ్యాయాల్లో చుక్కానిదారు సూరయ్యకు ఒక్క పూట భోజనం కూడా ఏర్పాటు చేయలేదు. ఇందుకు బాధ్యుడు రచయిత ఒక్కడే. అతడి సంజాయిషీ కోరగా, తప్పు ఒప్పుకున్నాడు.

కనుక ఈ క్రింది నియమం వెంటనే అమల్లోకి వస్తుంది.

ఇకమీదట ప్రతి శుక్రవారం సంచికలోనూ, యుద్ధం జరుగుతున్నా, గ్రహం పేలిపోతున్నా, నాయకుడు ప్రాణాపాయంలో ఉన్నా సరే, సూరయ్యకూ అతనితో ఉన్న పదకొండు మందికీ వేడి అన్నం, చేపల పులుసు వడ్డించిన తరువాతే కథ ముందుకు సాగాలి. వాళ్లు తిని చేతులు కడుక్కునేవరకు శత్రువులు ఆగి ఉండాలి. శత్రువులు ఎందుకు ఆగుతారండీ అని సంపాదకుడుగారు అడిగారు. నియమం గనుక ఆగుతారని చెప్పాను. కాశిం అప్పటికే కూర్చడం మొదలుపెట్టాడు.

మరణించి ఉండటం భోజనానికి అడ్డంకిగా పరిగణించబడదు. ఈ నియమమే తుది. దీనిపై ఏ మండలంలోనూ అప్పీలు లేదు.